కొసరు వద్దు

పుంతా అరేనాస్‌లో గాలి
తలుపు తట్టి రాదు, తలుపు ఊడబెరికి వస్తుంది.
రేకుల షెడ్డంతా మోగుతుంటే
నేలిదా ఒయార్సో మోకాళ్ల మీద వంగి
నేల మీద సుద్దతో పది సున్నాలు చుట్టింది.
లిఫ్టు ఓడలో వచ్చింది, చెక్కపెట్టెలో:
రెండు స్తంభాలు, నాలుగు చేతులు,
బొటనవేలంత లావు బోల్టులు పది.
పుస్తకం మాకు రాని భాషలో ఉంది.
అంకెలు మాత్రం అందరివీ.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు.
ఒంట్లో బలం ఉంది, దానికి పని లేదు.
మూడడుగుల పైపు తగిలించి
ఇక తిరగదనేదాకా తిప్పుతానన్నాను.
ఆమె నవ్వలేదు.
ఉన్ని మేజోడులోంచి టార్క్ రెంచిని తీసింది,
పిల్లికూనను తీసినట్టు.
పిడిని నూట అరవై గీతకు తిప్పి
నా చేతిలో పెట్టింది.
"టక్కుమంటుంది. అనగానే ఆపు.
కొసరు వద్దు.
ఇది కూరగాయల బేరం కాదు."

ముందు రంధ్రం ఊదాలి.
ఊది, బ్రష్షు తిప్పి, మళ్లీ ఊదాలి.
దుమ్ము మీద కూర్చున్న బోల్టు
మొదటి రోజు బాగానే మాట్లాడుతుందట.

ఒకటి. టక్.
రెండు. టక్.
గాలి హోరులో చెవికి అందలేదు,
అరచేతికి అందింది,
నిద్రలో పసివాడి వేలు కదిలినట్టు.
ఆరు దాకా అంతే.

ఏడోది తిరుగుతూనే ఉంది.
బిగుస్తున్నట్టే ఉంది, తిరుగుతూనే ఉంది.
ఇంకొంచెం, అన్నాను.
తీసెయ్, అంది.
"బోల్టు ఒప్పుకుంది. నేల ఒప్పుకోవడం లేదు."

పైకి లాగితే బోల్టుతో పాటు
గుప్పెడు నేల ఊడి వచ్చింది.
సముద్రపు ఇసుక. అందులో ఆల్చిప్ప పెంకులు.
కొలిస్తే నాలుగు వేళ్ల మందం,
కింద ఒట్టి మట్టి.
ముందు ఆరూ ఎలా పట్టాయో అడగబోయి
ఊరుకున్నాను.

ఆ నేల పోసింది ఆమె తమ్ముడు ఎలెయుతేరియో,
పదకొండేళ్ల కింద.
ఇప్పుడు జలసంధికి అవతల, పోర్వెనీర్‌లో గొర్రెలు.
ఫోను చేసింది.
"జానెడు మందం అన్నావు."
అవతల చాలాసేపు గొర్రెల చప్పుడే.
"నువ్విచ్చిన డబ్బుకు నాలుగు వేళ్లే వచ్చింది, నేలీ.
ఆ మాట నీతో అనలేకపోయాను."
ఆమె ఫోనును బల్ల మీద బోర్లా పెట్టింది.

మూడో రోజు పడవ మీద వచ్చాడు,
పికప్పు వెనక మిక్సరు కట్టుకుని.
పాత నేలను పగలగొట్టేటప్పుడు
సమ్మెట ఇంకెవరికీ ఇవ్వలేదు.
ఇనుప వల పరిచి, జానెడున్నర పోసి,
చలి సోకకుండా దుప్పట్లు కప్పి వెళ్లాడు.
ఇరవై ఎనిమిది రోజులు
పచ్చి బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాం.
టాక్సీ బార్రియెంతోస్ రోజూ వచ్చి గడపలో నిలబడేవాడు.
"ఇంకా ఆరలేదా?"
"ఆరింది. గట్టిపడలేదు. రెండూ ఒకటి కాదు."

ఈసారి పదికి పది.
మొదట ఎక్కించింది తమ్ముడి పికప్పునే.
మోకాలెత్తు లేపి, బంపరు పట్టుకుని ఊపి, దించి,
మళ్లీ మొదటి బోల్టు నుంచి.
నాలుగోది వెంట్రుకవాసి తిరిగి
టక్కుమంది.
అప్పుడు నిలువెత్తు.
అతను బయటే నిలబడ్డాడు, గాలిలో, టోపీ పట్టుకుని.
ఆమె బండి కిందికి నడిచి తలెత్తి చూసింది.
"నీ సైలెన్సరు తుప్పు తినేసింది."
ఫోను తర్వాత అతనితో అన్న మొదటి మాట అదే.
అతను లోపలికొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు,
రెండు టన్నుల కింద.

రాత్రి రెంచిని అలాగే మేజోడులో దూర్చబోతే
నా మణికట్టు పట్టుకుంది.
"ముందు వదులు చెయ్. లోపల స్ప్రింగుంది.
బిగువులోనే పడుకోబెడితే
రేపు నూట అరవై అని చెప్పి
ఇంకేదో ఇస్తుంది."
వెనక్కి తిప్పాను, గీత తర్వాత గీత,
అట్టడుగు అంకె దాకా.
వెనక గదిలో అక్కాతమ్ముళ్లు
పదకొండేళ్ల నాటి లెక్క చూసుకుంటున్నారు,
గొంతు పెంచకుండా.