అవిసె పోగు

కోటు కాలరు విప్పి చూడడం నా వృత్తి.
ఆంట్వెర్ప్‌లో రైలు కట్ట కింద, మూడో కమాను పక్కన
ఒక గది, ఒక బల్ల, ఒక కత్తెర, ఒక మైక్రోస్కోపు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా
ఉన్నిలో అవిసె నార కలిసిందేమోనని వెతుకుతున్నాను.

కలవకూడదు.
ఎందుకని అడక్కండి, కారణం చెప్పని ఆజ్ఞ అది.
గొర్రె వీపు మీది వెచ్చదనమూ
చేలో పెరిగిన చల్లదనమూ
ఒకే ఒంటి మీద ఉండకూడదన్నాడు, అంతే.

అద్దం కింద ఉన్ని చేప పొలుసుల్లా కనిపిస్తుంది.
అవిసె వెదురుగడ, కణుపులు కణుపులుగా.
దొరికితే కోప్పడను.
పట్టకారుతో లాగేసి, ఆ చోట నూలు గుడ్డ వేసి కుడతాను.
పన్నెండు యూరోలు.
కలనేత తొడిగాడని
కొడుకుని గడప దాటించిన తండ్రిని
ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు.

మంగళవారం గెంట్ నుంచి పార్సిల్ వచ్చింది.
రెండు సూట్లు. ఒకటి బూడిద రంగు, ఒకటి ముదురు నీలం.
చీటీ మీద ఎల్ఖానన్ రాత.
లామెద్ అక్షరాన్ని ఇంకా ఎడమకి వాల్చే రాస్తున్నాడు,
ఆరేళ్ళప్పుడు నా బెత్తం సరిచేయలేకపోయిన వాలు.
"రెండూ చూడండి. పై నెల పదో తారీఖుకి కావాలి."
నాన్నా అని లేదు.
ఎందుకు కావాలో లేదు.
నీలం కోటు లోపలి జేబులో
దర్జీ గుండుసూదితో గుచ్చిన పేరు: యోరిస్.

ఆ మాటా అదే తోలుచుట్టలో ఉంది.
ఉన్నీ అవిసె మాటకి
ముందొకసారి, వెనకొకసారి. అదే సిరా.
ఏటా ఉపవాసం నాటి సాయంత్రం
నోళ్ళు పిడచకట్టుకుపోయిన వేళ ఆ భాగమే చదువుతాం.
నాలుగేళ్ళ కిందట పిలుపొచ్చి పీఠమెక్కింది వాడే.
ఆ వాక్యం దగ్గర వాడి గొంతు ఆగలేదు.
ఆ రాత్రి, రొట్టె తుంచబోతుంటే చెప్పాడు.
నేను రొట్టె కింద పెట్టేశాను.

మాట వినని కొడుకుని రాళ్ళతో కొట్టమనీ ఉంది.
పెద్దలేం చేశారు?
వాడు ఇంత మాంసం తినాలి, ఇంత ద్రాక్షసారా తాగాలి,
తల్లీ తండ్రీ ఒకే గొంతుతో మాట్లాడాలి
అంటూ షరతు మీద షరతు పేర్చి
రాయి నేల మీంచి లేవకుండా చేశారు.
అలాంటి కొడుకు పుట్టలేదు, పుట్టబోడన్నారు.
అంత దయ తెలిసినవాళ్ళు
నా కొడుకు వాక్యం దగ్గరకొచ్చేసరికి
అలిసిపోయారా?
దీపంలో నూనె అయిపోయిందా?

నీలం కోటు కాలరు విప్పాను.
ఉంది. గోరంత.
పట్టకారు అందుకున్నాక గుర్తొచ్చింది,
చిన్నప్పటి నుంచీ తెలిసిందే, ఇవాళే గుర్తొచ్చింది:
గుడి నిలిచి ఉన్న రోజుల్లో
యాజకుడి నడికట్టు
ఉన్నీ అవిసే కలిపే నేశారు.
మనకి కూడదన్న కలనేత నడుముకి చుట్టుకునే
అతను దేవుడి ముందు నిలబడేవాడు.

చాలాసేపు అలాగే కూర్చున్నాను.
పైన బ్రస్సెల్స్ రైలు పోయింది, అద్దం వణికింది.

నేను మతగురువుని కాను. తీర్పు చెప్పలేను.
నాకు తెలిసింది పోగులు.
తీశాను. నియమం నియమమే, ఈ చేతులకి వేరే పని రాదు.
నూలు పట్టీ వేసి
నా పెళ్ళి కోటుకి కుట్టినంత సన్నంగా కుట్టాను.
రెండు కాలర్ల కిందా నా ముద్ర వేశాను.

"ఎవరివవి?" అంది గిట్టెల్, వంటింటి గుమ్మంలోంచి.
గెంట్ వాళ్ళవన్నాను.
ఇంకేం అడగలేదు.
నీలం కోటుకి ఒక గుండీ వదులుగా ఉంటే
వచ్చి సూదిలో దారం ఎక్కించుకుంది.

రసీదు వెనక రాశాను:
కాలరు విప్పి కుట్టినవి పోస్టులో పంపడం కుదరదు.
మెడ దగ్గర పట్టేసిందేమో తొడిగి చూడాలి.
ఇద్దరూ రండి.
కింద ఇరవై నాలుగు యూరోలని వేశాను,
కొట్టేశాను,
మళ్ళీ వేశాను.
ఊరికే ఇస్తే వాడు రాడు.