రెండు ఓమ్‌ల అబద్ధం

హారన్ మోగటం లేదని బండి తెచ్చింది
నర్సు మార్తా రైత.
సెరంగో ఘాటీలో మలుపు మలుపుకీ
అరచెయ్యి అరిగేలా నొక్కుతుందట,
కొండ పలకదట.

గుణుపురంలో వాన.
వంశధార దాటొచ్చి మా షెడ్డు రేకుల మీద పడుతోంది.
బ్యాటరీ నల్ల తీగ ఊడదీసి
పది నిమిషాలు ఊరికే నిలబడ్డాను.
"టీ తేనా?" అన్నాడు టుకునా.
తే.
తీగ తీసేసినా బండిలో కోపం కాసేపుంటుంది,
అది దిగాలి.

స్టీరింగు నడుమ మూత విప్పితే
ఎయిర్‌బ్యాగు లేదు.
పసుపుపచ్చ కనెక్టరు రెండు కాళ్ళ మధ్య
మినపగింజంత రెసిస్టరు.
బ్యాగు ఇక్కడే ఉంది, భద్రంగా ఉంది అని
కంప్యూటరుకి రోజూ చెప్పే
రెండు ఓమ్‌ల అబద్ధం.

టంకం కేసి చూశాను.
తోక ఎడమకి లాగి ఉంది.
ఈ ఊళ్ళో ఎడమచేత్తో టంకం పెట్టేవాడు
ఒక్కడే.

ఆరేళ్ళయింది.
బరంపురం బ్రోకరు లెంకబాబు
"లైటు ఆరితే చాలు, లోపలేటుందో ఎవడు చూస్తాడు" అని
ఐదొందలు చేతిలో పెట్టాడు.
మా ఆవిడకి చెప్పులు కొన్నాను.
అవెప్పుడో తెగిపోయాయి.
టంకం తెగలేదు.

"రెండ్రోజులు పడుతుందమ్మా."
"హారన్‌కా?"
బానెట్ కింద తల పెట్టి
వినబడనట్టు ఊరుకున్నాను.

విశాఖ నుంచి పార్సిల్ వచ్చింది.
పెట్టె విప్పేముందు ఇనుము తాకాను,
ఒంట్లో మెరుపేదైనా ఉంటే నేలకి పోనీ అని.
మొహం అవతలికి తిప్పి, పాములబుట్టని మోసినట్టు మోశాను.
మీటరు పుల్లలు దాని దగ్గరికి రానివ్వలేదు.
దీని నాడి చూడకూడదు,
చూసిన చేతి మీదే పేలగలదు.
కనెక్టరు టక్కుమంది.
మరోసారి లాగి చూశాను. రాలేదు.

"టుకునా, దిగు. లోపలెవరూ ఉండొద్దు.
సీటు మీద ఆ టీ గ్లాసు కూడా తియ్యి."
తాళం ముందే తిప్పి ఉంచి
బయటికొచ్చి
అన్నిటికన్నా ఆఖరున నల్ల తీగ తగిలించాను.

కిటికీ అవతల ఎర్ర దీపం.
ఏకొ, దుయి, తిని,
టుకునా లెక్కపెడుతున్నాడు,
చారి, పాంచొ,
నేను ఊపిరి కూడా లెక్కపెట్టలేదు.

ఆరింది.

అబద్ధమూ ఇలాగే ఆరేది.
ఇదే ఎరుపు, ఇన్నే సెకన్లు.
ఆరేళ్ళుగా దీన్ని చూసే కదా
ఆమె ధైర్యంగా ఘాటీ ఎక్కింది.

మార్తా వచ్చి హారన్ నొక్కింది.
రేకుల కింద పావురాలు లేచిపోయాయి.
చిన్నపిల్లలా మళ్ళీ నొక్కింది.
"ఎంత?"
"నూటయాభై."
రెండొందలిచ్చి, చిల్లర ఉంచుకోమంది.
చెప్పాలనే నోరు తెరిచాను.
"మలుపుల్లో నెమ్మదిగా వెళ్ళమ్మా"
అదొక్కటే వచ్చింది.

రైల్వే గేటు దాకా హారన్ వినబడింది.

రెసిస్టరు నా చొక్కా జేబులో ఉంది.
రేపు ఉతికేటప్పుడు మా ఆవిడ
అరచేతిలో పెట్టుకొని
ఇదేటని అడుగుతుంది.