గేజు లేని తీగ

కొండమల్లేపల్లి చౌరస్తా కాడ మా షాపు.
కాలిన మోటార్లు గోడ పొంటి పండుకున్నయ్,
యాసంగి కరెంటు వాటి కడుపులు మాడ్చింది.
వార్నిషు వాసన సద్ది డబ్బాల గూడ ఉంటది.

యాకూబ్ మామ ముప్పై ఏండ్లు చేత్తోనే చుట్టిండు.
అరవై నాలుగు చుట్లంటే అరవై నాలుగే.
నడుమ ఎవరన్న పలకరిస్తే
జవాబియ్యకుంట తలూపుతుండె.
ఇప్పుడు మర్రిగూడ నీళ్లు తాగిన ఆ వేళ్లు
పొద్దుపొద్దున మడత పడయ్.
చాయ్ గ్లాసు రెండు చేతులతోని పట్టుకుంటడు.

అందుకే ఈ మిషను.
పాత జిరాక్సుల నుంచి పీకిన స్టెప్పర్ మోటార్లు రెండు,
కిటికీలు చేసేటాయన కాడ మిగిలిన అల్యూమినియం పట్టీ,
మూతబడ్డ ఇంటర్నెట్ సెంటరు కంప్యూటరు.
దాని కీబోర్డుల ఎన్ అక్షరం పడదు.

దానికి పని చెప్పుడు రాతతోని కాదు, బొమ్మతోని.
సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్ల ఒక డబ్బా పెట్టిన,
చుట్లు లెక్కబెట్టేది.
ఇంకొకటి తీగను అటిటు నడిపేది.
కొసకు లిమిట్ స్విచ్చి. పక్కన ఎర్ర బొత్తాం.
ఈ డబ్బా కాలు నుంచి ఆ డబ్బా కాలుకు గీత లాగిన.
సేవ్ కొడితే బొమ్మ కరిగి పేర్ల వరుసైతది,
మిషనుకు అదే హుకుం.
టంకం లేదు, పొగ లేదు, వేలు కాలుడు లేదు.

మామ అద్దాలు తుడుచుకొని దగ్గరికొచ్చిండు.
"ఈ తీగ ఎన్నో గేజు, సైదులూ?"
"గేజు లేదు మామా. రాగే లేదు."
"మరి ఏం పారుతది ఇండ్ల?"
"అవును, కాదు. గంతే."
చానసేపు చూసిండు.
"అవును కాదుకు ఇంత పెద్ద కాయితమా!"

మొదటి దినం నలభై ఒకటో చుట్టుకు
బండి కొస దాటిపోయింది.
స్విచ్చి టిక్కుమన్నది, వినెటోడు లేడు.
తెగిన తీగ నా చెంప మీద గీత గీసింది.

మీటరు పట్టుకొని ఒక్కో వైరు అడిగిన.
ప్రతి వైరూ కూతబెట్టి నేను బాగనే ఉన్ననన్నది.
రాత్రి తొమ్మిది దాటింది,
దేవరకొండ బస్సు కూడ పోయింది.

మామకు ఇంగ్లిష్ రాదు.
తెర మీద వేలు పెట్టి గీత ఎంబడి నడిచిండు,
స్లాట్ల తీగను తడిమినట్టు.
రెండు గీతలు అడ్డంబడ్డ కాడ వేలు ఆగింది.
"ఈడ ముడి తగుల్త లేదు.
ఎదురుబడ్డయ్ గని, కలువలే."

నిజమే. చుక్క లేదు.
మా అక్క వాకిట్ల మెలికల ముగ్గేస్తే
గీత చుక్కను తాకకుంట చుట్టూ తిరుగుతది.
ఇక్కడ చుక్క మీద నిలబడితేనే చుట్టరికం.
ఆవగింజల సగం లేదు, పెట్టిన.
బండి కొసకు పోయి, తాకి,
మర్యాదగ ఎనకకొచ్చింది.

దిగిన కాయిల్‌ను ఒళ్లె పెట్టుకొని
బొటనేలి గోరుతోని ఒక్కో చుట్టు దాటిచ్చిండు మామ.
అరవై నాలుగు.
బాగుందనలే, బాగలేదనలే.

"ఇంకొక డబ్బా గియ్యి."
"దేనికి?"
"నాకు."

మూలకు కుట్టుమిషను పెడలు ఉంది.
ఆయన పాదం దాని మీద ఉంటేనే మిషను తిరగాలె,
తీస్తే ఆగాలె.
ఎర్ర బొత్తాం తీరు గూడ అదే,
ఉన్న, ఉన్న అని పలుకుతనే ఉంటది,
ఆ పలుకు తెగిందంటే అంత బందు.
ఆ రెంటినీ ఒక డబ్బాలకు తెచ్చిన,
ఇద్దరూ అవునంటేనే అవును.
గీతకు పేరేందని అడిగింది కంప్యూటరు.
మామకాలు, ఇంగ్లిష్ అక్షరాలల్ల కొట్టిన.
నయం, అండ్ల ఎన్ లేదు.

తెల్లారి ఆయన వచ్చి, చెప్పు ఇడిచి,
పెడలు మీద పాదం ఆనిచ్చిండు.
మిషను సన్నగ రాగం తీసింది.
"సలాం మామా" అన్న.
జవాబియ్యలే.
తలూపిండు.