గాటు

శ్రీకాకుళం కోర్టు పక్క సందులో నా డీటీపీ కొట్టు.
నిన్న పదకొండున్నరకి, ఓ విడాకుల అర్జీ సగంలో
కుయ్యిమని కూడా అనకుండా ఆగిపోయింది సిస్టం.

ఢిల్లేశ్వరరావు మూత ఊడదీసి ఉఫ్‌మని ఊదాడు.
ఆరేళ్ల దుమ్ము, దారి తప్పిన చీమలు,
పొట్టలుబ్బిన మూడు కెపాసిటర్లు.
"బోర్డు పోనాది మేడం. ర్యాములికి ఏటీ అవ్వలేదు."

ఆ రెండు ర్యాములూ చీటీ పాడి కొన్నవి.
కొత్త బోర్డులో పెట్టేద్దూ, అన్నాను.
మాటాడలేదు.
పాతదీ కొత్తదీ వేళ్ల మధ్య ఆనించి చూపించాడు.
అదే పొడుగు, అదే పచ్చరంగు,
అడుగున గాటు మాత్రం
నూకగింజంత పక్కకి.
"నొక్కితే దిగదు. ఇంకా నొక్కీసినారంటే రెండూ పోతాయి."

పాత రకం బోర్డు విశాఖ నుంచి రప్పిస్తానన్నాడు,
సెకండ్ హ్యాండు, వారం పూచీ.
కొత్తదయితే ప్రాసెసరు కూడా మార్చాలి.
కరెంటు బిల్లు వెనక లెక్క రాశాను,
కొట్టేశాను, మళ్లీ రాశాను.
కొత్తదే తెమ్మన్నాను. ర్యాము ఒక్కటే.
పక్క స్లాటు ఖాళీ, వచ్చే చీటీ దాకా.

ఇవాళ దీపాలవేళకి ఫ్యాను తిరిగింది.
ఫైలు బతికే ఉంది.
కర్సరు నిన్నటి చోటే కొట్టుకుంటోంది,
'ఇరువురికీ పొత్తు కుదరనందున' దగ్గర.
"తప్పంతా ప్రతివాదిదే అని కొట్టమ్మా"
అన్నాడు ప్లీడరు గుమస్తా, టీ ఊదుకుంటూ.

కొట్టాను.
సొరుగులో పాత ర్యాములు రెండూ
ఒకదాన్నొకటి ఆనుకుని,
ఏ దోషమూ లేకుండా.