పావు చుట్టు

కాటా మీద తూచి కొన్నాను దీన్ని.
పాత ఇనుము లెక్కన, కిలో ముప్పై రెండు.
కొబ్బరి బస్తాలు తూచే నా కాటాయే,
ముల్లు నూట అరవై నాలుగు దగ్గర ఆగింది.
"సీటు బరువు తీసెయ్యి, అది ఇనుము కాదు" అన్నాను.
పాత సామాన్ల వీర్రాఘవులు అదోలా చూసి
వంద తగ్గించాడు.

బుల్లెట్టు. అరవై తొమ్మిదిదో డెబ్భైదో.
ట్యాంకు మీద బంగారు గీత ఒక్కటే మిగిలింది,
చీర చిరిగిపోయాక జరీ పోగు మిగిలినట్టు.

అంబాజీపేటలో దీన్ని లేపగలిగినవాడు సువర్ణరాజు.
ఇరవై రెండేళ్లు రైసుమిల్లు ఇంజను పక్కన నిలబడి
రెండు చెవులూ దానికే ఇచ్చేసి వచ్చినవాడు.
చెవిటోడికి ట్యూనింగేంటని
టీ కొట్టు దగ్గర నవ్వారు.
నవ్వూ వినపడదు కదా,
ఆయన పని ఆయన చేసుకున్నాడు.

జెట్టు పూడుకుపోయింది.
నా కొట్టు వెనక రాలిన మట్టలోంచి ఈనె లాగి
పంటితో మొన తీసి
కన్నంలో దూర్చి, ఎండకేసి ఎత్తి చూశాడు.
ఆవగింజలో సగం వెలుగు.
"ఇంతేనండి దారి!" అన్నాడు గట్టిగా,
తన గొంతు తనకందని మనిషి మాటాడినట్టు.
"ఇందులోంచే బతకాలి బండంతా!"

పాయింట్ల మసి రుద్దడానికి
కురిడీల బిల్లు పుస్తకం అట్ట చింపి ఇచ్చాను.
టాపెట్ రాడ్డుని రెండు వేళ్లతో తిప్పి చూపించాడు.
తిరగాలంట, ఎగరకూడదంట.
నన్నూ తిప్పమన్నాడు.
చల్లగా, జిడ్డుగా,
బేరం కుదిరిన మనిషిలా తిరిగింది.

కుచ్చిళ్లు దోపి ఎక్కాను.

తన్నితే లేచేది కాదు ఇది.
మూడో తన్నుకి తెలిసొచ్చింది,
కిక్కు రాడ్డు ఎగిరొచ్చి నా పిక్కని తన్నినప్పుడు.
సువర్ణరాజు నవ్వలేదు.
హెడ్‌లైటు పైన గుండ్రటి అద్దంలో ముల్లు చూపించాడు.
మెల్లగా నొక్కండి. ముల్లు నడిమికొచ్చేదాకా.
ఎడం చేతి కింద చిన్న మీట, పట్టి దమ్ము వదలండి.
ఒక్క వెంట్రుక దాటించండి.
మీట విడిచెయ్యండి.
ఇప్పుడు కోపం లేకుండా
కిందిదాకా.

దగ్గింది.
ఆగింది.
మళ్లీ ముల్లు, మళ్లీ మీట, మళ్లీ వెంట్రుక

డగ్
      డగ్
డగ్ డగ్ డగ్

కొట్టు రేకుల మీద పావురాలన్నీ లేచిపోయాయి.
కాయలు వలిచే కుర్రాళ్లు గునపాల దగ్గర ఆగిపోయారు.

సువర్ణరాజు స్క్రూడ్రైవరు కర్రపిడిని పళ్లతో కరిచి
మొనని ఇంజను డొక్కకి ఆనించాడు.
కళ్లు మూసుకున్నాడు.
పుర్రెతో విన్నాడు.

కురిడీ కొనేటప్పుడు నేను
కాయని చెవి దగ్గర ఊపుతాను.
లోపల గుండు వదిలిందా, చిప్పని ఇంకా పట్టుకునుందా,
చుక్క నీళ్లైనా మిగిలాయా,
పగలగొట్టకుండా చెప్పేస్తాను.
ఊళ్లో మగాళ్లు నాతో పందెం కట్టి ఓడిపోయిన చెవి.
ఆ చెవితో విని, బాగానే ఉందన్నట్టు
చెయ్యూపాను.

ఆయన తల అడ్డంగా ఆడించాడు.
పిడి లుంగీకి తుడిచి
నాకిచ్చాడు.

కరిచాను. కర్ర, గ్రీజు, ఎవరిదో చుట్ట పొగాకు.
మొన ఆనగానే
దవడలోకి వచ్చేసింది ఇంజను.
ఉండుండి ఒక తడబాటు,
చీకట్లో మెట్లు దిగుతుంటే
ఒక మెట్టు లేదని కాలికి తెలిసినట్టు.

గాలి స్క్రూ పావు చుట్టు బయటికి,
నా చేతే తిప్పించాడు.
పోలేదు.
అందులో సగం వెనక్కి.
వేళ్లు చెమటకి జారుతుంటే ఇంకో వీసమెత్తు.
ఆయన నా మొహమే చూస్తున్నాడు,
యంత్రం వైపు కాదు.
నా మొహంలో ఏం మారిందో
చాలు అన్నట్టు వేలెత్తాడు.

"రెండొందలివ్వండి!" అన్నాడు, వీధంతా వినపడేలా.
"ఈనె మీదేగా!"

సాయంత్రం ముక్తేశ్వరం రేవు దాకా పోయాను.
పంటు అవతలి గట్టునే ఉంది.
ఆపెయ్యొచ్చుగా, పెట్రోలు దండగ అన్నాడొక చేపల బుట్టాయన.
ఆపాను.
గౌతమి మీద వెలుగు తగ్గుతోంది.
పిక్క కోడిగుడ్డంత వాచింది.
వెనక పన్ను ఒకటి
ఇంకా లెక్కపెడుతూనే ఉంది.