రాసుకుంటుంది

ఉండి రోడ్డులో నా కొట్టు ముందు
నల్లటి బండి మెత్తగా ఆగగానే
ఇస్సాకు టీ గ్లాసు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.
తుడిస్తే పోయే నలుపు కాదు మాది.

"పదిహేడు తీసి ఇరవై ఎక్కించు," అన్నారు అచ్యుతరాజు గారు.
ముప్పై కౌంటు రొయ్య బంగారమైన ఏడాది అది.
ఊళ్లో ఎవరి మాటైనా
రెండంగుళాలు పెద్దగానే వచ్చేది.

ఇరవై పట్టదండి, పంతొమ్మిదికి సర్దుకోండి అన్నాను.
పనసకాయ బేరంలా కాసేపు సాగి, సర్దుకున్నారు.

నాడాలు కొట్టించుకునే ఎద్దులాగ
బండి నాలుగు కాళ్లూ మాకప్పగించింది.
కొత్త చక్రాల అట్టపెట్టెలు విప్పుతుంటే
ఆయన దగ్గరకొచ్చి
చువ్వల్లో తన మొహం చూసుకున్నారు.
ఐదు చువ్వల్లో ఐదు ముక్కలుగా కనబడి ఉంటుంది.

మా తాత కమ్మరి.
ఇనప పట్టా ఎర్రగా కాల్చి, చక్రానికెక్కించి, నీళ్లు కొట్టేవాడు.
బుస్సుమని పొగ, ఆ పొగలో బిగుసుకునే చెక్క.
కొలత తప్పితే
పట్టా ఊడుద్ది, లేదా చెక్క పగులుద్ది
అనేవాడు. మూడో దారి లేదు.

నా కాలానికి మూడో దారి వచ్చింది.
కొలత కాస్త మీరినా ఎక్కుద్ది, తిరుగుద్ది, మెరుస్తుంది,
బరువు పడి గోతిలో దిగినప్పుడు మాత్రం
రెక్క లోపల రాసుకుంటుంది.

అందుకే అడిగాను:
వెనక ఎంతమంది ఎక్కుతారండి?

అంత చిన్న ప్రశ్నకి
ఆయన డ్రెయిను వైపు చూశారు, గుర్రపుడెక్క వైపు చూశారు.
"అన్నదమ్ములం చెరువులు పంచుకున్నాం కదా," అన్నారు.
కాసేపాగి, "ఎవరూ ఎక్కరు."

అయితే రాయదండి.

ఐదు గ్రాముల సీసం ముక్క అంటించి తూకం సరిచేశాను.
మీటరు ఇక కాస్త తక్కువ చెబుద్దండి,
తొంభై అంటే తొంభై నాలుగనుకోండి అన్నాను.
"తక్కువ చెప్పేది ఒక్కటైనా ఉండనీలే," అని నవ్వి
పాత చక్రాలు మా అటక మీదే వదిలి వెళ్లిపోయారు.

అట్లతద్దె వెళ్లిన వారం, వాయుగుండం తెల్లారి
బండి మళ్లీ వచ్చింది.
ఒంటినిండా గట్టు మట్టి.
తలుపు తీస్తే డీజిలు కంపు,
వెన్నరంగు సీట్ల మీద మేత గుళికలు,
తెగిన చెప్పు ఒకటి.

రాత్రి కరెంటు పోయిందట.
ఏరేటర్లు ఆగి రొయ్య పైకి తేలిందట.
ఉన్న క్యాన్లన్నీ డిక్కీలో వేసి,
దారిలో దొరికిన మనిషినల్లా ఎక్కించి,
ఎడ్లబండి కూడా జంకే గట్టు మీద తోలారట.

"వెనక ఎంతమందండి?"
"సింహాద్రి, యేసుపాదం, బుల్లెబ్బాయి, గంగరాజు.
గంగరాజు ఒళ్లో వాళ్ల తమ్ముడు. వాడి పేరు ఇంకా తెలీదు."
కిందటిసారి వీళ్లంతా ఒకే మాట, చెరువు కుర్రాళ్లు.

"దక్కిందాండి?"
"సగం."

వంగి టార్చి వేశాను.
కుడి రెక్క లోపల వేలెడు వెడల్పున
నల్లగా, నున్నగా ఒక వరస.
గోతి గోతికీ ఆగి
మళ్లీ అందుకున్న వరస.
ఏ గోతిలో ఎంత బరువో
అంతా ఉంది అందులో.

అంచు మడిచేస్తానండి, ఇక రాయదు.
లేదా పాతవి దించమన్నా దించుతాను.

ఆయన పంచె తడుస్తుందని కూడా చూడకుండా
మోకాళ్ల మీద కూర్చుని
చెయ్యి లోపలికి పోనిచ్చి
ఆ వరస వెంట వేలు నడిపారు, మెల్లగా,
చదువు కొత్తగా వచ్చినవాడిలా.

"వద్దులే. రాయనీ."

ఇస్సాకు సబ్బు డబ్బా అందించాడు.
ఆయన వేలు చూసుకుని, "పోద్దా ఇది?" అన్నారు.

"పోదండి," అన్నాడు ఇస్సాకు,
"టీ తాగండి."