పన్నెండో తరగతి, జర్మన్, ముగ్గురు

మంగళవారం, శుక్రవారం
వేలూరు బస్సు గిరింపేటలో ఆగితే
ముందు గొడుగు దిగేది, తర్వాత రూబెన్ సారు.
సంచిలో రెండు నిఘంటువులు, ఒక పెరుగన్నం డబ్బా.

తొమ్మిదిలో నలభై మందిమి.
పదిలో పదకొండు.
పన్నెండుకొచ్చేసరికి
షబ్రీన్, దేవసేన, నేను.
మిగిలినోళ్ళంతా ఎంసెట్టు దోవ పట్టినారు.
ల్యాబు వెనక గది మాది:
సొట్టపడిన గ్లోబు, పాత హార్మోనియం పెట్టె, మేము.

"ఎందుకంటే" అని మొదలుపెడితే
క్రియ పోయి వాక్యం చివర కూచుంటుందన్నాడు సారు.
దీనికి వేరే దేశాల పిల్లలు ఏడుస్తారంట.
మాకు నవ్వొచ్చింది.
మా అవ్వ మాట్లాడేది ఇంకెట్లని?
పలానా వాళ్ళ కోడలు, బంగారుపాళెం సంతలో,
రెండు పాడావుల్ని, దూడల్తో సహా,
మొగుడికి చెప్పకుండా,
ఇక్కడ వక్క నోట్లో వేసుకుని, నమిలి, నమిలి,
"అమ్మేసిందంటనే!"
అంతదాకా మేం ఊపిరి బిగబట్టుకోనుండాల.

విడిపోయే క్రియలే ఏడిపించినాయి.
తల ఒక చోట, తోక ఒక చోట,
పాకాల జంక్షన్లో పెట్టెలు విడదీసినట్టు.
తోక కనపడిందాకా
బండి యాడికి పోతాందో తెలీదు.

నాయన పల్ప్ ఫ్యాక్టరీలో, బాయిలర్ కాడ.
జూన్, జులైల్లో ఆయన చొక్కా విప్పితే
ఇల్లంతా తోతాపురి.
ఒక రాత్రి చిరిగిన లేబులొకటి మడిచి తెచ్చినాడు.
"పదేండ్లుగా డ్రమ్ములకి అంటిస్తాండాం.
ఏం రాసుండాదో చూడు."
క్యూల్ లాగెర్న్, చదివినాను.
చల్లని చోట ఉంచవలెను.
ఆవిరికి కమిలిన ముంజేతిని
ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పి చూసుకోని
నాయన చాన్నాళ్ళకి పగలబడి నవ్వినాడు.

వ్యాసంలో మామిడితోట రాస్తా ఉంటే
"దోర" కాడ కలం ఆగిపోయింది. తెలుగులోనే రాసి వదిలేసినా.
సారు దాన్ని కొట్టేసి
ఎర్ర సిరాతో హాల్ప్‌రైఫ్ అని పెట్టినాడు. సగం పండినది.
సగం అంటే కొలత కదా సార్, అన్నాను.
దోర అంటే ఉప్పూ కారం.
ఆయన కిటికీలోంచి కాసేపు చూసి
నా మాట నెత్తిన రెండు చుక్కలు పెట్టి
"పో, ఇదీ జర్మనే" అన్నాడు.

ఆ భాషలో ఆడపిల్ల ఆడది కాదు.
డాస్ మేట్‌షెన్.
కిటికీతో, రొట్టెతో కలిపి ఒకే గాట కట్టేసినారు.
షబ్రీన్ పెన్ను విసిరికొట్టింది: "ఇదేం న్యాయం సార్?"
సారు జవాబు చెప్పలేదు. బోర్డు మీద తెలుగులో రాసినాడు.

అబ్బాయి వచ్చాడు.
అమ్మాయి వచ్చింది.
బర్రె వచ్చింది.
బస్సు వచ్చింది.

ఫ్యాను చప్పుడు.
ఇన్నేండ్లూ ఇది మన నోట్లోనే ఉండిందా అని
ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నాం.
దేవసేన, ఎప్పుడూ నోరు తెరవని దేవసేన,
లేచి పోయి ఆ కిందనే రాసింది:
అమ్మాయిలు వచ్చారు.
సారు ఆ రోజు బోర్డు తుడవకుండా పోయినాడు.

జనవరిలో ప్రిన్సిపాల్ మేడం లెక్క వేసింది.
ముగ్గురికి ఒక సారా, ఒక గదా?
గదిలోకి కంప్యూటర్ల అట్టపెట్టెలొచ్చినాయి.
పరీక్షకి ఇంకా ఏడు వారాలు.
శుక్రవారం కాళ్ళే మమ్మల్ని స్టాపుకి తీసకపోయినాయి.
ఎదురుచూస్తాన్నామని ఒకరికొకరం ఒప్పుకోలేదు.
షబ్రీన్ బఠాణీలు కొనింది.
రెండు బస్సులు ఊరికే పోయినాయి.

మూడోదాన్నించి గొడుగు దిగింది.

బెంచీ మీద దుమ్ము తుడిచి
డబ్బా ఒక పక్కకి జరిపి
ఒక చెవి మూసుకోని సారు ఫోన్లో ఎవరికో చెప్తాన్నాడు.
జీతం మాట అడిగినట్టున్నారు, దాన్ని దాటేసినాడు.
ఎండ లేదులే, నీడే, అన్నాడు.
తర్వాత మా వైపు చూసి,
"ఆఁ, వచ్చారు."